భుక్తాయాసం

మా వరండాలో తలుపుకు ఎదురుగా ఒక ఫొటో ఉంది. పెద్దదే, గోడ కేలండరంత ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళు దాని ముందు ఒక్క క్షణం ఆగుతారు. అదేమిటో అర్థమయ్యాక మొహం తిప్పుకుంటారు. రెట్టలతో సున్నం కొట్టినట్టు తెల్లబడ్డ ఏరుమద్ది చెట్టు, వెనక పొద్దుటి మంచు, ఆ మంచులోంచి అప్పుడప్పుడే దిగుతున్న ఎర్రటి వెలుగు. కొమ్మల మీద పదకొండు రాబందులు. పదకొండూ మెడలు కిందికి వాల్చి, కళ్ళు అరమోడ్చి, గర్భగుడి ముందు తలలు వంచుకున్న భక్తుల్లా ఉంటాయి. కింద తెల్ల అంచు మీద నా చేతిరాతతో ఒకటే మాట: భుక్తాయాసం. దాని పక్కన సంవత్సరం, 1998.

రాబందు ఇంటి మీద వాలితే ఇల్లు వదిలిపెట్టి పోవాలని నమ్మే జాతి మనది. అలాంటిది, పదకొండు రాబందుల్ని తెచ్చి గోడకు తగిలించాను. మా ఆవిడ మొదటి రోజే అంది: "లక్ష్మీదేవి పటం పెట్టాల్సిన చోట శవాలు తినే పక్షులేమిటండీ?" నేను చూసింది ఆమెకు చెప్పాను. పూర్తిగా విని, ఇంకేమీ అనలేదు. వారానికోసారి పాత నూలుగుడ్డతో దాని అద్దం తుడుస్తూ వచ్చింది. ఆ కథే ఇప్పుడు మీకూ చెబుతున్నాను.

నేను గొడ్ల డాక్టర్ని. మార్కాపురం దాటి నల్లమల వైపు వెళ్తే వచ్చే పల్లెల్లో చాలా ఏళ్ళు పనిచేశాను. పశువైద్యంలో చావు రోజువారీ సంగతే. దొమ్మ, గురక, జబ్బవాపు, గాలికుంటు, ఈత కష్టమై పోయే పాడిగేదెలు, పాముకాటు పడ్డ లేగలు. చదువుకునే రోజుల్లో చావంటే నాకు ఓటమి. పల్లెల్లోకి వచ్చాకే దానికి ఇంకో ముఖం ఉందని తెలిసింది. ఆ ముఖం చూపించినవి రాబందులే.

ఊరి బయట వంక గట్టున చచ్చిన గొడ్లను వేసే చోటొకటి ఉండేది. తోలు తీసేవాళ్ళు తోలు తీసుకుని వెళ్ళాక కళేబరం అక్కడ పడి ఉండేది. ముందు కాకులు చేరేవి. ఆకాశం మాత్రం ఖాళీ. కాసేపటికి ఎక్కడో చుక్కంత పక్షి ఒకటి రెక్క మార్చకుండా సుడి తిరిగి కిందికి వంగేది. దాన్ని చూసి ఇంకొకటి, దాన్ని చూసి మైళ్ళ అవతల మరొకటి. ఇవి వాసన పట్టి రావు. ఒకదాన్ని ఒకటి కనిపెట్టుకుంటూ వస్తాయి. ఆకాశమంతా పరిచిన వలను మధ్యలో పట్టి ఎవరో కిందికి లాగుతున్నట్టు, నాలుగు దిక్కుల నుంచీ ఒకే చోటికి జారేవి. దిగేటప్పుడు కాళ్ళు చాచి, రెక్కలు సగం ముడిచి, గాలిని చీల్చుకుంటూ వచ్చేవి. ఆ చప్పుడు విన్నవాళ్ళు జన్మలో మరిచిపోరు. కొత్త చీర చించినట్టుంటుంది.

ఆ తర్వాత జరిగేది చూసి చాలామంది ముక్కు మూసుకుంటారు. నేను మూసుకోలేదు. అరుపులు, రెక్కల తోపులాట, దుమ్ము. ఆ తలకు ఈకలు ఎందుకు లేవో అప్పుడు తెలుస్తుంది. కళేబరం లోపలికి తల దూర్చి తినే పక్షికి ఈకలుంటే నెత్తురంతా అట్టకట్టేది. కడుపులోని ఆమ్లం ఎంత ఘాటైనదంటే, దొమ్మతో చచ్చిన గొడ్డును తిన్నా వాటికేమీ కాదు. మనిషిని, మందను చంపే ఆ రోగం వాటి కడుపులో అంతమైపోతుంది. రాబందుల మంద పెద్దదైతే అరగంట, ముప్పావుగంట. అంతలోనే నిండు గొడ్డు ఎముకల గూడుగా మిగిలేది. తర్వాత ఎముకలు ఏరుకునేవాళ్ళు సంచులతో వచ్చేవాళ్ళు. సాయంత్రానికి అక్కడ తొక్కుడు పడిన గడ్డి తప్ప ఏమీ ఉండేది కాదు. కుళ్ళిన వాసన లేదు, ఈగలు లేవు, కింద వంకలో నీళ్ళు తేటగా పారుతుండేవి.

అది చూసినప్పుడల్లా నాకు లోపల ఏదో కుదుటపడేది. చావును ప్రకృతి పారేయదు, చేతులు మారుస్తుంది. నిన్న నాగలి లాగిన కండ ఇవాళ రెక్కల్లోకి ఎక్కి కొండల మీద తిరుగుతుంది. అందమంటే పూవులోనూ నెమలిలోనూ మాత్రమే ఉందనుకునేవాళ్ళను తీసుకెళ్ళి ఆ గట్టు మీద నిలబెట్టాలనిపించేది. ఈ మాట ఇప్పటికీ మనస్ఫూర్తిగానే అంటున్నాను.

1998 సంక్రాంతికి ఒక రైతు కబురు పంపాడు. ఆయనకు అప్పటికి అరవై దాటి ఉంటాయి. ఆయన దాపటెద్దు పడిపోయింది. ఒంగోలు జాతి, పద్దెనిమిదేళ్ళు కాడి మోసిన ఎద్దు. కొన్నాళ్ళుగా కీళ్ళు వాచి కుంటుతోంది. భోగి రోజు పడుకున్నది మళ్ళీ లేవలేదు. నేను కనుమ నాటి సాయంత్రం వెళ్ళాను. ఊళ్ళో అందరి ఎడ్లకూ కొమ్ములకు రంగులు, మెడలకు గంటలు. ఈయన మాత్రం పడుకున్న ఎద్దును పడుకున్నచోటే కడిగి, కొమ్ములకు పసుపు రాసి, నుదుట కుంకుమ పెట్టి, పొంగలి ముద్ద నోటి దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు. ఎద్దు తినలేదు. పళ్ళు కొరుకుతోంది. పశువు పళ్ళు కొరికిందంటే లోపల భరించలేని నొప్పి ఉన్నట్టు.

పరీక్ష చేసి చూస్తే ఆశ లేదు. ఆయనకు ఎలా చెప్పాలా అనుకుంటుంటే, ఆయనే అన్నాడు:

"బతికించమని అడగట్లేదు డాక్టరుగారూ. దాని రోజులు అయిపోయినయ్. నాకు తెలుసు. మూలుగుతా మాత్రం పోగూడదు. అంతే."

నొప్పి తగ్గే సూది ఇచ్చాను. 15 మి.లీ., మెడ కండరంలోకి. గంట తిరక్కుండానే పళ్ళు కొరకడం ఆగింది. చెవులు జారవిడిచింది. పెద్దాయన చెయ్యి నాకి, పొంగలి కాస్త తింది. మర్నాడు పొద్దున మళ్ళీ వెళ్ళి ఇంకో సూది వేశాను. పదింటికల్లా గడ్డం నేల మీద ఆనించి, నిద్రపోతున్నట్టే పోయింది. పెద్దాయన కాసేపు దాని గంగడోలు నిమురుతూ కూర్చున్నాడు. నేను డబ్బులు తీసుకోలేదు. నా ఉద్యోగంలో నేను ఇచ్చిన మంచి చావుల్లో అదొకటని చాలా కాలం లెక్కేసుకున్నాను.

ఆయన కొడుకు పారా తీసుకొచ్చాడు. చేలో గట్టు పక్కన పూడ్చిపెడదామన్నాడు. పెద్దాయన తల అడ్డంగా ఊపాడు.

"బతికినన్నాళ్ళు మనకు పెట్టింది. పోయినాక వాటికి పెట్టనీ. జటాయువు కులం అది. సాక్షాత్తూ రాములవారే కొరివి పెట్టిన కులం."

సాయంత్రానికి బండి మీద వంక గట్టుకు చేర్చారు.

మర్నాడు పొద్దెక్కాక రాబందులు దిగాయి. ముప్పై దాకా ఉంటాయి. అప్పటికే వాటి సంఖ్య తగ్గుతోందని మాలాంటివాళ్ళం అనుకుంటూ ఉండేవాళ్ళం. అన్నిటిని ఒక్కచోట చూడటం ఆ మధ్య కాలంలో అదే. పెద్దాయన కొంచెం దూరంలో తుమ్మచెట్టు కింద తలపాగా తీసి పట్టుకుని నిలబడ్డాడు. ఆయన పక్కన నేను. వెన్ను మీద తెల్లటి మచ్చ ఉన్నవి ఎక్కువ. మెడ ఎర్రగా ఉన్నదొకటి అందరికన్నా ముందు కూర్చుంది. పెద్దాయన మొహంలో దుఃఖం లేదనను. ఉంది, దానితో పాటు ఇంకేదో కూడా ఉంది. కూతుర్ని మంచి ఇంటికి పంపిన తండ్రి మొహం చూశారా? అలా ఉన్నాడు. "తినండి నాయనా, తినండి" అని మెల్లిగా అంటున్నాడు.

ఆ తర్వాతి రోజు నాకు వేరే ఊళ్ళో పని పడింది. మూడో రోజు పొద్దున్నే ఆ దారినే వెళ్తూ వంక దగ్గర బండి ఆపాను. అద్దెకు తెచ్చుకున్న కెమెరా ఉంది నా దగ్గర. పండగ ఫొటోలు తీయగా రీల్లో ఇంకో నాలుగైదు మిగిలి ఉన్నాయి. మంచు ఇంకా తొలగలేదు. ఏరుమద్ది మీద పదకొండు రాబందులు. చప్పుడు లేదు. తిన్న మూడో రోజు కూడా కదలకుండా కూర్చున్నాయంటే ఎంత తిని ఉంటాయో అనుకున్నాను. పెళ్ళిభోజనం చేసి, ఆకు ముందు నుంచి లేవలేక గోడకు ఆనుకుని కునికిపాట్లు పడే పెద్దవాళ్ళు గుర్తొచ్చారు. ఆ మాటే ఫొటో కిందికి ఎక్కింది.

ఇంకో సంగతి. రాబందులు మనిషిని దగ్గరికి రానివ్వవు. నలభై యాభై అడుగుల దూరంలో ఉండగానే లేచిపోతాయి. ఆ రోజు నేను చెట్టు మొదలు దాకా వెళ్ళాను. ఒక్కటి కూడా లేవలేదు. తల కూడా ఎత్తలేదు. ఒక్కటి మాత్రం కన్ను తెరిచి నన్ను చూసి, మళ్ళీ మూసుకుంది. నా గుండె నిండిపోయింది. ఇన్నేళ్ళు దూరం నుంచి చూసినందుకు, వాటికి అన్నం పెట్టిన చోట పెద్దాయనతో పాటు తలవంచి నిలబడినందుకు, ఇవాళ నన్ను తమవాడిగా ఒప్పుకున్నాయి అనుకున్నాను. నాలుగు ఫొటోలు తీశాను. చేతులు వణికి మూడు చెడిపోయాయి. నాలుగోది గోడ మీద ఉంది.

రెండు వారాల పాటు గాలికుంటు టీకాల పనిలో పడ్డాను. తిరిగి వచ్చేసరికి చెట్టు ఖాళీ. ఇంకెక్కడో గొడ్డు పడి ఉంటుంది, అటు వెళ్ళి ఉంటాయి అనుకున్నాను. మళ్ళీ రాలేదు. ఆ ఏడూ రాలేదు, ఆ మరుసటి ఏడూ రాలేదు. వంక గట్టున కళేబరాలు వాసన కొట్టడం మొదలైంది. కుక్కలు చేరాయి. మొదట అయిదారు, తర్వాత మంద. ఆ మంద ఊళ్ళోకి కూడా రావడం మొదలెట్టాక, కుక్కకాటు తిన్న దూడలకు పిచ్చికుక్క టీకాలు వేయడం నాకు వారం వారం పనైపోయింది. పెద్దాయన ఒకసారి సంతలో కలిసి అడిగాడు: "ఆ పక్షులు మన మీద అలిగినయ్యా డాక్టరుగారూ?" నా దగ్గర జవాబు లేదు.

జవాబు కోసం దేశమంతా వెతుకుతున్నారని నాకు తర్వాత తెలిసింది. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ పక్షుల అడవిలో విభు ప్రకాశ్ అనే శాస్త్రవేత్త 1987-88లో రాబందుల గూళ్ళు లెక్కపెడితే 353. పదేళ్ళు తిరక్కుండా 150కి పడిపోయాయి. తర్వాత అవీ పోయాయి. పురుగుమందులన్నారు, ఏదో వైరస్ అన్నారు, గొడ్లు తగ్గి తిండి లేక అన్నారు. దేశంలో తెల్లవీపు రాబందులు 1992లో వెయ్యి ఉన్న చోట 2007 నాటికి ఒక్కటి మిగిలింది. ఏడాదికి ఒకే ఒక్క గుడ్డు పెట్టి, ఆ పిల్ల పెద్దదై జత కట్టడానికి అయిదేళ్ళు తీసుకునే పక్షి అది. అంత నష్టాన్ని పూడ్చుకోవడం దాని తరమా?

2004లో తోటి డాక్టరు ఒకాయన నాకు ఒక వ్యాసం జెరాక్స్ పంపాడు. లిండ్సే ఓక్స్ అనే అమెరికా పశువైద్యుడు, ఆయన బృందం పాకిస్తాన్‌లో చనిపోయిన రాబందుల్ని కోసి చూశారు. గుండె మీద, కాలేయం మీద సున్నం పూసినట్టు తెల్లటి పొర. మూత్రపిండాలు పాడై, యూరిక్ ఆమ్లం ఒళ్ళంతా గడ్డకట్టి చనిపోయాయి. అలా పోయిన 25 పక్షుల మూత్రపిండాలు పరీక్షిస్తే ఇరవై అయిదింటిలోనూ ఒకే మందు దొరికింది. డైక్లోఫెనాక్. పశువులకు నొప్పి తగ్గడానికి వేసే సూది. మనిషికి పనికొస్తుంది, ఎద్దుకు పనికొస్తుంది. ఆ ఎద్దును తిన్న రాబందుకు మాత్రం రెండు మూడు రోజుల్లో ప్రాణాంతకం.

ఆ జెరాక్స్ కాగితాలు చదివిన రాత్రి నేను అన్నం తినలేదు. మందుల పెట్టె తెరిచి చూశాను. ఆ సీసాలు వరసగా ఉన్నాయి. చవక, గంటలో గుణం చూపిస్తుంది, రైతు మొహంలో వెలుగు వస్తుంది. 1990ల మధ్య నుంచి ఆ మందు నా చేతి మీదుగా ఎన్ని పశువుల్లోకి వెళ్ళిందో లెక్క లేదు. సీసాలన్నీ గుంట తీసి పాతేశాను. 2006లో ప్రభుత్వం పశువైద్యంలో దాన్ని నిషేధించేదాకా ఆగలేదు. మెలాక్సికామ్ రాబందులకు హాని చేయదని తేలాక అది వాడాను. చుట్టుపక్కల మందుల షాపులకు, దొంగచాటుగా మనుషుల సీసాలు తెచ్చి గొడ్లకు పొడిచేవాళ్ళ దగ్గరకు స్వయంగా వెళ్ళి చెప్పాను. కొందరు విన్నారు.

అయినా నిద్ర పట్టేది కాదు. నిద్ర పట్టనప్పుడల్లా వరండాలోకి వచ్చి ఈ ఫొటో ముందు కూర్చునేవాణ్ణి.

ఎందుకో చెప్పాలి. ఆ ఎద్దుకు నేను రెండుసార్లు వేసిన సూది అదే. నాకు తెలుసు, మరిచిపోలేదు. కానీ ఫొటో ఉంది కదా. ఆ ఎద్దును తిన్న రాబందులు, తిన్న మూడో రోజు, నా కళ్ళెదుట కడుపు నిండి కునుకు తీస్తున్నాయి. చచ్చిపోయిన పక్షులు కావు, బతికున్న పక్షులు. దేశంలో వెయ్యి కళేబరాల్లో ఏడెనిమిదింటిలో ఆ మందు ఉన్నా చాలు, రాబందుల జాతి అంతరించిపోవడానికి అని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. అంటే తొమ్మిది వందల తొంభైకి పైగా కళేబరాలు ఏ పాపమూ ఎరగనివే. పెద్దాయన ఎద్దు ఆ తొమ్మిది వందల తొంభైలోనిది. మోతాదు తక్కువైందో, మందు కండలో ఒకచోటే ఉండిపోయిందో. ఏదైతేనేం, దీనివల్ల మాత్రం కాదు. నా చేత ఇంకెక్కడో ఏదో జరిగి ఉండొచ్చు, ఆ రోజు మాత్రం పెద్దాయన పెట్టిన అన్నం అన్నమే. గోడ మీద సాక్ష్యం ఉంది. పదకొండు మంది సాక్షులు.

అలా ఇరవై ఏళ్ళు గడిచాయి. రిటైరయ్యాను. పెద్దాయన పోయాడు. చివరిసారి చూడటానికి వెళ్ళినప్పుడు కూడా ఆ ఎద్దు సంగతి ఎత్తి, "బాగా తిన్నయ్ గదా ఆ రోజు?" అని అడిగాడు. "కడుపు నిండా తిన్నాయి పెద్దయ్యా, నా దగ్గర ఫొటో ఉంది" అన్నాను. నవ్వాడు.

మొన్న కార్తీకమాసంలో ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. పక్షుల మీద పరిశోధన చేస్తోందట. ఒకప్పుడు రాబందులు వాలిన చెట్లు, గుట్టలు, గొడ్లను వేసిన చోట్లు ఎక్కడెక్కడున్నాయో పాతవాళ్ళను అడిగి రాసుకుంటోంది. బెజ్జూరు అడవుల్లో పాలరాపు గుట్ట మీద రాబందులు గూళ్ళు కట్టుకోవడం బయటపడిన సంగతి ఆ అమ్మాయే చెప్పింది. వింటుంటే ప్రాణం లేచొచ్చింది. నాకు గుర్తున్న ఊళ్ళు, వంకలు అన్నీ చెప్పాను. మా ఆవిడ కాఫీ తెచ్చింది. అప్పుడు ఆ అమ్మాయి చూపు గోడ మీదికి వెళ్ళింది.

లేచి దగ్గరికి వెళ్ళింది. చాలాసేపు చూసింది. నాకు సంతోషం వేసింది. ఇన్నేళ్ళకు మొహం తిప్పుకోని మనిషి వచ్చిందనుకున్నాను. కథంతా చెప్పాను. పెద్దాయన గురించి, పొంగలి ముద్ద గురించి, "తినండి నాయనా" అన్న మాట గురించి. సూది గురించి కూడా దాచకుండా చెప్పాను. అన్నీ విని మెల్లిగా అడిగింది:

"సార్, ఇది ఎండాకాలమా?"

గొంతులో ఏదో ఆశ ఉంది. ఎందుకో నాకర్థం కాలేదు.

"ఎందుకమ్మా?"

"ఎండ మండిపోయేటప్పుడు బాగున్న రాబందులు కూడా మెడ వాలుస్తాయి సార్. ఒంట్లో వేడి బయటికి పోవడానికి. అందుకని అడుగుతున్నా."

"కాదమ్మా. సంక్రాంతి వెళ్ళిన వారం."

"మధ్యాహ్నమా?"

"పొద్దున ఏడు. ఆ మంచు చూడు. స్వెట్టర్ వేసుకుని కూడా వణికాను. అందుకే మూడు ఫొటోలు చెడిపోయాయి."

ఆ అమ్మాయి ఇక అడగలేదు. కాఫీ గ్లాసు కిటికీ మీద పెట్టేసింది. నేనే ఉండబట్టలేక, "చెప్పమ్మా" అన్నాను.

"చలిలో రాబందు మెడ వాల్చదు సార్. భుజాల ఈకల్లోకి లాక్కుని ముడుచుకుంటుంది." అద్దం మీద వేలు పెట్టింది. మా ఆవిడ తుడిచి తుడిచి మెరిసిపోయేలా ఉంచిన అద్దం. "తిని కూర్చున్న పక్షికి ఇక్కడ, మెడ కింద, తిండి సంచి ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. వీటికి లేదు. తిన్నది ఎప్పుడో అరిగిపోయింది. మీరు చెట్టుకి ఎంత దూరంలో నిలబడి తీశారు సార్?"

"మొదట్లోనే. అవి నన్ను నమ్మి..." అన్నాను. ఆ మాట పూర్తి కాలేదు.

ఆ అమ్మాయి మొహం తిప్పుకుంది. కళ్ళు తుడుచుకోవడానికని తర్వాత తెలిసింది. కాసేపటికి సంచిలోంచి తన పుస్తకం తీసింది. గళ్ళు గీసిన కాగితం. ఊరి పేరు, వంక పేరు, చెట్టు, నెల, సంవత్సరం నింపింది. పక్షుల సంఖ్య దగ్గర ఫొటోలోవి వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టి, 11 అని రాసింది. చివరి గడి మీద 'మరణ కారణం' అని ఉంది. పెన్ను అక్కడ ఆగింది. నా వైపు చూసి, ఆ గడి ఖాళీగా వదిలేసి పుస్తకం మూయబోయింది.

నేను చెయ్యి చాపాను. పుస్తకం, పెన్ను ఇచ్చింది.

మందు పేరు రాశాను. 15 మి.లీ., రెండుసార్లు, కండరంలోకి అని రాశాను. దాని కింద, ముప్పై ఏళ్ళు మందు చీటీల మీద పెట్టినట్టే, సంతకం చేశాను.